తీర్పు ఒకటి, చదివేవాళ్లు ఆరుగురు: ఫోన్‌లో కలిసి చదవడం ఎలా

డిగ్రీ పిల్లల చేతిలో ఇవాళ పుస్తకం కంటే ఫోనే ఎక్కువసేపు ఉంటోంది. పాఠాలూ అందులోకే వచ్చి చేరుతున్నాయి. క్లాసు అవగానే వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ పడుతుంది. అరవై మంది దండం బొమ్మలు పెడతారు. పరీక్షకు మూడు రోజుల ముందు అదే ఫైలు కోసం గ్రూపంతా గాలిస్తారు, దొరక్క మళ్లీ పంపమని అడుగుతారు. డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెబుతూ ఈ తంతు నేను ఏళ్ల తరబడి చూశాను. చాలాకాలం ఫోన్‌నే తిట్టుకున్నాను కూడా.

ఆ చదువు ఎందుకు నిలవడం లేదో పిల్లల పక్కన కూర్చుని చూశాక తెలిసింది. ఒక్కళ్లే కూర్చుంటారు, వేలితో తోసుకుంటూ పోతారు, ఎక్కడా ఆగరు. ఒక వాక్యం దగ్గర ఆగి "ఇదేంటి, నాకు అర్థం కాలేదు" అని రాసి అడిగితే, దానికి ఇంకొకరు రాసి జవాబిస్తే, ఆ వాక్యాన్ని ఆ ఇద్దరూ పరీక్ష అయ్యాక కూడా మరచిపోరు. కాబట్టి ఫోన్‌లో చదివేటప్పుడు చదువునీ మాటనీ విడదీయకండి. కింద చెప్పేదంతా ఆ రెండింటినీ ఎలా కలపాలన్నదే.

స్క్రీన్ మీద చదువు పల్చగా ఉంటుందన్న మాట ఊరికే అనేది కాదు. 2000 నుంచి 2017 వరకు వచ్చిన 54 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2018లో వెలువడింది. సమాచారం ఉన్న పాఠాలను కాగితం మీద చదివినవాళ్లకే బాగా అర్థమవుతోందని, టైము తక్కువ ఉన్నప్పుడు ఆ తేడా ఇంకా పెరుగుతోందని అందులో తేలింది. కథల విషయంలో అంత తేడా కనిపించలేదు. మనం కాలేజీలో చదివేది ఎక్కువగా సమాచారమే, అదీ పరీక్ష ముందు హడావుడిగా. అందుకే మామూలుగా చదివితే చాలదు, ఒక పద్ధతి కావాలి.

పద్ధతిని గాలిలో చెబితే ఎవరికీ పట్టుబడదు. మా పిల్లలు చదివిన ఒక తీర్పును పట్టుకుని చెబుతాను. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత కేసు తీర్పు అది. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో గనుల లీజులు గిరిజనేతరులకు ఇచ్చారు. ఆ మండలం ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. లీజులు చెల్లవంటూ సమత అనే సంస్థ హైకోర్టుకు వెళ్లింది. అక్కడ ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. ముగ్గురు జడ్జీల బెంచ్‌లో ఇద్దరు లీజులు చెల్లవన్నారు, మూడోవారు జస్టిస్ పట్నాయక్ ఒప్పుకోలేదు. మన నేల మీద పుట్టిన కేసు. రాజనీతిశాస్త్రం, లా, సోషల్ వర్క్ చదివేవాళ్లందరికీ పనికొస్తుంది. మీ సబ్జెక్టు బోటనీ కావచ్చు, కామర్స్ కావచ్చు. పాఠం మారుతుంది, అడుగులు ఇవే.

ముందు సరైన ప్రతి సంపాదించండి

గ్రూపులో తిరిగే పీడీఎఫ్‌ను నమ్మకండి. ఎవరో ఫొటోలు తీసి అంటించింది అయి ఉంటుంది, మధ్యలో రెండు పేజీలు ఎగిరిపోయి ఉంటాయి. మొదటి పేజీ, చివరి పేజీ, మధ్యలో వరుసగా పది పేజీల నంబర్లు చూసుకోండి. ఎవరు వేశారు, ఏ సంవత్సరం ప్రతి అన్నది లేకపోతే దాన్ని పక్కన పెట్టండి.

కోర్టు తీర్పులకైతే సుప్రీంకోర్టు తన తీర్పుల రిపోర్టులను ఈ-ఎస్‌సీఆర్ పేరుతో ఆన్‌లైన్‌లో ఉచితంగానే పెట్టింది. ఇండియన్ కానూన్ అనే వెబ్‌సైట్‌లోనూ దొరుకుతాయి. మామూలు పుస్తకాలకు, పాఠాలకు ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో వెతకండి. మన యూనివర్సిటీల్లో వచ్చిన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో ఉంటాయి, ప్రాజెక్టు చేసేవాళ్లకు అదొక గని. చాలామంది అడగనిది ఇంకొకటి ఉంది: యూజీసీ కింద ఉన్న ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ నడిపే ఎన్-లిస్ట్. మీ కాలేజీ అందులో సభ్యత్వం తీసుకుని ఉంటే విద్యార్థులకు కూడా లాగిన్ ఇస్తారు, వేల పుస్తకాలు, జర్నళ్లు ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. రేపు లైబ్రరీకి వెళ్లి "సార్, ఎన్-లిస్ట్ లాగిన్ కావాలి" అని నోరు తెరిచి అడగండి. ఆ పేరే విననట్టు చూసినా వెనక్కి రాకండి, ప్రిన్సిపాల్‌కు ఒక కాగితం రాసి ఇవ్వండి. ఫీజు కట్టిన విద్యార్థిగా అడిగే హక్కు మీకుంది.

పాఠం తెలుగులో కావాలనుకునేవాళ్లు సిగ్గుపడొద్దు. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ పుస్తకాలు, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాలు చక్కటి తెలుగులో ఉంటాయి. మొదట తెలుగులో విషయం పట్టుకుని తర్వాత ఇంగ్లిష్ మూలానికి వెళితే దారి తేలికవుతుంది. సమత తీర్పు దగ్గర మా పిల్లలు చేసింది అదే: ముందు రాజ్యాంగంలో గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూలు అంటే ఏమిటో తెలుగు పాఠంలో చదివి, ఆ తర్వాతే తీర్పు తెరిచారు.

ఫైలును ఫోన్‌కి తగ్గట్టు చేసుకోండి

ఫైలు తెరిచి ఏదైనా ఒక మాట మీద వేలు నొక్కి పట్టుకోండి. ఆ మాట నీలం రంగులో ఎంపికైతే అది నిజమైన అక్షరం. ఏమీ కాకపోతే అది ఫొటో. ఫొటో అయితే అందులో వెతకడం కుదరదు, అక్షరాలు పెద్దవి చేస్తే పేజీ తెర దాటి పోతుంది. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, కంప్యూటర్‌లో దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరిస్తే ఫొటోలోని అక్షరాలను టైపు చేసినట్టు మార్చి ఇస్తుంది. తెలుగుకూ పనిచేస్తుంది. మరీ పెద్ద ఫైలైతే పది పేజీల ముక్కలుగా చేసి ఎక్కించండి. మార్చి ఇచ్చినదాన్ని మూలంతో పోల్చి చూడటం మాత్రం మానకండి. ముఖ్యంగా సంవత్సరాలు, సెక్షన్ నంబర్లు, వత్తులు తప్పుతుంటాయి. 1959 కాస్తా 1969 అయితే మీ జవాబు మొత్తం తప్పవుతుంది.

తెలుగు పీడీఎఫ్‌లకు ఇంకో చిక్కుంది. కంటికి అక్షరాలు బాగానే కనిపిస్తాయి, కాపీ చేసి వేరేచోట పెడితే పిచ్చి గీతలు వస్తాయి. అది ఎక్కువగా పాత అను లాంటి ఫాంట్‌లతో చేసిన ఫైలు అయి ఉంటుంది. మీ ఫోన్ పాడైందని టెన్షన్ పడకండి. ఆ పేజీల స్క్రీన్‌షాట్ తీసి పైన చెప్పినట్టు డ్రైవ్‌లో పెట్టి మార్చుకోవడమే మార్గం.

తర్వాత ఫైలుకు పేరు పెట్టండి. "డాక్ 17" అన్న పేరుతో ఉంటే అది పోయినట్టే లెక్క. "సమత 1997 తీర్పు" అని పెట్టి, సబ్జెక్టుకు ఒక ఫోల్డర్ చేసి అందులో వేయండి. నెట్ ఉన్నచోటే డౌన్‌లోడ్ చేసుకోండి. బస్సులో సిగ్నల్ పోయిందని చదువు ఆగకూడదు. చదివేముందు నోటిఫికేషన్లు ఆపేయండి, లేదా ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఇది అందరూ చెప్పేదే, నేనూ చెబుతున్నాను, ఎందుకంటే దీన్ని చేసేవాళ్లు నాకు క్లాసుకు ఇద్దరు కూడా కనబడటం లేదు.

మొదటి చదువు ఒంటరిగా

కలిసి చదవడం అంటే మొదట్నుంచీ గుంపుగా చదవడం కాదు. ముందు మీరొక్కరే కూర్చోవాలి. ఏమీ చదవకుండా చర్చలోకి వచ్చేవాడు పక్కవాడి మాటనే తన మాట అనుకుని వెళ్లిపోతాడు.

సమత తీర్పు చాలా పొడవు. మొత్తం చదవమంటే ఎవరూ మొదలే పెట్టరు. ఇద్దరు జడ్జీల తీర్పులోంచి ఎనిమిది పేజీలు, ఒప్పుకోని జడ్జి రాసిన దాంట్లోంచి నాలుగు పేజీలు ఏరి ఇచ్చాను. మీకు ఏరి ఇచ్చేవాళ్లు లేకపోతే ఫైలులో వెతికే సౌకర్యాన్ని వాడండి. ఈ కేసు మొత్తం ఒక మాట చుట్టూ తిరుగుతుంది. 1959లో వచ్చిన భూ బదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. ఏజెన్సీలో అందరూ 1/70 చట్టం అనేది దాన్నే. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ 'పర్సన్' అయినా, గిరిజనుడైనా కాకపోయినా, తన స్థిరాస్తిని గిరిజనులకో, గిరిజనులు మాత్రమే ఉన్న సహకార సంఘానికో తప్ప వేరొకరికి బదలాయిస్తే అది చెల్లదని దాని మూడో సెక్షన్ చెబుతుంది. లీజు ఇచ్చింది ప్రభుత్వం. మరి ప్రభుత్వం 'పర్సన్' అవుతుందా? వెతికే డబ్బాలో ఆ ఒక్క మాట ఇంగ్లిష్‌లో కొట్టి చూడండి, కేసు ప్రాణం ఎక్కడుందో కనిపిస్తుంది.

అయితే వెతికి దొరికిన వాక్యం ఒక్కటే చదివి ఆపొద్దు. దానికి పైన ఒక పేరా, కింద ఒక పేరా తప్పక చదవండి. అవతలి వకీలు వాదన ఏమిటో చెబుతున్న వాక్యాన్ని కోర్టు నిర్ణయం అనుకుని రాసుకొచ్చిన పిల్లలు నాకు ఏటా కనబడతారు. తీర్పుల్లో ఇదొక పెద్ద గుంట.

ఒక స్క్రీన్ అవగానే ఫోన్‌ను బోర్లా పెట్టండి. ఇప్పుడే చదివింది ఒక్క వాక్యంలో, తెలుగులో, నోటుబుక్కులో రాయండి. రాయలేకపోతే అర్థం కాలేదన్నమాట, మళ్లీ ఎత్తి చదవండి. రంగులు పూయడం కంటే ఇది నూరు రెట్లు మేలు. పసుపు రంగు పూసిన పేజీని చూస్తే మనం చదివేశామన్న తృప్తి కలుగుతుంది, లోపల మాత్రం ఏమీ మిగలదు. రంగు వేయాలనిపిస్తే పేజీకి ఒక్క వాక్యానికే వేయండి.

చివరగా ఒక ప్రశ్న రాసుకోండి. ఒక్కటి చాలు. మీకు నిజంగా అర్థం కానిది.

వాక్యం పక్కనే మాట్లాడుకోండి

ఇప్పుడు అసలు పని. ఏరుకున్న పేజీలను ఒక గూగుల్ డాక్‌లోకి తీసుకురండి. కోర్టు తీర్పులను ఇలా కాపీ చేసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ అనుమతిస్తుంది, ఆ కోర్టే వద్దంటే తప్ప. అమ్మకానికి ఉన్న పాఠ్యపుస్తకాన్ని మొత్తంగా ఎక్కించి పంచడం తప్పు. దాని విషయంలో పేజీ నంబరు చెప్పుకుని ఎవరి పుస్తకం వాళ్లు ముందు పెట్టుకోండి.

డాక్‌ను పంచేటప్పుడు అందరికీ కామెంట్ చేసే అనుమతి మాత్రమే ఇవ్వండి. దిద్దే అనుమతి ఇస్తే పొరపాటున ఎవరి వేలు తగిలినా పేరాలు మాయమవుతాయి. ఎవరి మెయిల్‌తో వాళ్లు లాగిన్ అవ్వాలి, పేరు కనబడాలి. ఫోన్‌లో గూగుల్ డాక్స్ యాప్ ఉండాలి. మాటను ఎంచుకుని కామెంట్ గుర్తు నొక్కితే పక్కన డబ్బా తెరుచుకుంటుంది. ఇలాంటి పనికే హైపోథిసిస్ అనే ఉచిత సాధనం కూడా ఉంది, వెబ్ పేజీల మీదే అంచుల్లో రాసుకోవచ్చు. కానీ చిన్న ఫోన్లలో గూగుల్ డాక్సే తేలిక.

గ్రూపు ఆరుగురికి మించకూడదు, ఎనిమిది మంది అయితే మహా ఎక్కువ. అరవై మందిలో యాభై మంది ఊరుకుంటారు. ఆరుగురిలో ఒకరు ఊరుకుంటే అందరికీ తెలుస్తుంది. నియమం చిన్నది: ప్రతి ఒక్కరూ తమ ప్రశ్న ఒకటి పెట్టాలి, వేరేవాళ్ల ప్రశ్నకు ఒక జవాబు రాయాలి. "సూపర్", "కరెక్ట్" లాంటివి లెక్కలోకి రావు. జవాబు ఇచ్చేవాళ్లు అది ఏ పేరాలో ఉందో చూపించాలి, లేదా ఇది నా ఊహ అని చెప్పాలి.

మా పిల్లల డాక్‌లో 'పర్సన్' అన్న మాట పక్కన ఏం జరిగిందో చూడండి. మొదట ఒక అమ్మాయి రాసింది: "పర్సన్ అంటే మనిషే కదా. ప్రభుత్వం మనిషి ఎలా అవుతుంది? ఈ వాదన నాకు ఎక్కడం లేదు." దాని కింద ఇంకో అమ్మాయి: "కంపెనీ కూడా మనిషి కాదు. అయినా దాని పేరు మీద భూమి ఉంటుంది, దాని మీద కేసు వేస్తారు. చట్టంలో ఆ మాటకు అర్థం వేరే అనుకుంటా." ఇక్కడితో ఆగి ఉంటే ఇది మామూలు చర్చే. మర్నాడు పొద్దున్న ఏజెన్సీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే అబ్బాయి రాశాడు: "మా వైపు కొండా అడవీ అంతా సర్కారుదే అంటారు. సర్కారుకు ఈ సెక్షన్ వర్తించకపోతే 1/70 వల్ల మాకు ఒరిగేదేముంది?"

ఇద్దరు జడ్జీలు పేజీలకు పేజీలు రాసిన వాదన గుండెకాయ అదే. చట్టం దేనికోసం పెట్టారో చూసి ఆ మాటకు అర్థం చెప్పాలని, ప్రభుత్వం కూడా ఆ మాటలోకి వస్తుందని వాళ్లు తేల్చారు. ఆ అబ్బాయి క్లాసులో నోరు విప్పగా నేను రెండేళ్లలో వినలేదు. ఇక్కడ తెలుగులో, తన టైములో, ఎవరూ తన మొహం చూడకుండా రాయగలిగాడు. దాని కింద మొదటి అమ్మాయే మళ్లీ రాసింది: "సరే ఒప్పుకుంటా. మరి జస్టిస్ పట్నాయక్ ఎందుకు ఒప్పుకోలేదు? ఆయనకి ఈ సంగతి తెలియదా? ఆ నాలుగు పేజీలు ఎవరైనా చదివారా?" ఆ రాత్రి ఆరుగురూ ఆ నాలుగు పేజీలు చదివారు. నేను చదవమని చెప్పి ఉంటే ఇద్దరు చదివేవారు.

కామెంట్లు తెలుగు లిపిలో రాయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే నెల తర్వాత వెతికితే దొరకదు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు కనుక. కీబోర్డులో తెలుగు రానివాళ్లు మైకు గుర్తు నొక్కి మాట్లాడితే చాలు, అదే టైపు చేస్తుంది. పాఠం ఇంగ్లిష్‌లో ఉన్నా చర్చ తెలుగులో జరగొచ్చు. అర్థం చేసుకోవడానికి అమ్మ భాషను మించింది లేదు. పరిభాష కోసం డాక్ తెరిచినవారితో చివర ఒక పట్టిక పెట్టించుకోండి: లీజు, బదలాయింపు, చెల్లనిది, భిన్నాభిప్రాయ తీర్పు, ఇలా. పరీక్ష ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు ఎదురుగా ఇంగ్లిష్ మాట రాసుకోవాలి.

వాట్సాప్ గ్రూపును దారికి తెచ్చుకోండి

డాక్‌లో నిదానంగా రాసుకునే మాట వేరు, అప్పటికప్పుడు మాట్లాడుకునే మాట వేరు. రెండోదానికి వాట్సాప్ చాలు. కానీ క్లాసు గ్రూపులో చేయకండి. అక్కడ ఫీజు నోటీసులు, పుట్టినరోజు శుభాకాంక్షలు, బస్ పాస్ సంగతులు అన్నీ కలిసి ఉంటాయి. ఆ ఆరుగురికే వేరే గ్రూపు, పాఠానికే. పాఠం అయ్యాక అదే గ్రూపు పేరు మార్చి ఇంకో పాఠానికి వాడుకోండి.

టైము ముందే కుదుర్చుకోండి. మా గ్రూపులో ఒక అమ్మాయికి సొంత ఫోన్ లేదు. అన్నయ్య డ్యూటీ నుంచి వచ్చాక ఏడు నుంచి ఎనిమిది వరకు ఆమెకు ఫోన్ దొరికేది. అందుకని అందరూ ఆ గంటకే కూర్చునేవారు. మీ గ్రూపులో కూడా ఎవరికి ఫోన్ ఎప్పుడు దొరుకుతుందో ముందు అడగండి. అడగకపోతే చెప్పుకోలేక చర్చకు దూరమైపోతారు, మనం వాళ్లకు శ్రద్ధ లేదనుకుంటాం.

ప్రశ్న అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. "సమత కేసు అర్థం కాలేదు, ఎవరైనా చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు, చెప్పలేరు. ఎక్కడ ఆగిపోయారో, అప్పటిదాకా ఏం అర్థమైందో, ఏది కుదరడం లేదో చెప్పండి. ఇలా: "మూడో సెక్షన్ చదివాను. గిరిజనుడు గిరిజనేతరుడికి అమ్మకూడదని అర్థమైంది. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మితే కూడా చెల్లదా?" దీనికి ఎవరైనా ఒక్క నిమిషంలో జవాబిస్తారు. చెల్లదు, 1970 సవరణ తెచ్చిన పెద్ద మార్పు అదే.

జవాబిచ్చేటప్పుడు ఆ ప్రశ్ననే పట్టుకుని రిప్లై కొట్టండి, విడిగా రాస్తే ఏది దేనికో తెలియదు. వాయిస్ మెసేజ్ పంపొచ్చు, ఒకోసారి అదే తేలిక. కానీ దాని కింద ఒక లైను టైపు చేయండి. రెండు నిమిషాల వాయిస్‌లో ఏముందో తర్వాత ఎవరూ వెతికి పట్టుకోలేరు. చర్చ అయ్యాక ఒకరు, వారానికి ఒకరు చొప్పున, తేలిన విషయాలు నాలుగు లైన్లలో రాసి డాక్‌లో కామెంట్‌గా పెట్టాలి. తేలనివి కూడా రాయాలి.

అమ్మాయిల నంబర్ల సంగతి మరచిపోకండి. వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లందరికీ అందరి నంబర్లూ కనిపిస్తాయి. చర్చ పేరుతో చేరి రాత్రి పదకొండుకు విడిగా మెసేజ్‌లు పెట్టేవాళ్లు ఉంటారు. దాంతో ఆ అమ్మాయి గ్రూపు వదిలేస్తుంది, చదువు అక్కడ ఆగిపోతుంది. నంబరు ఇవ్వడం ఇష్టం లేనివాళ్లను బలవంతం చేయకండి. గూగుల్ క్లాస్‌రూమ్‌లోనో, ఆ డాక్ కామెంట్లలోనో మొత్తం చర్చ నడపండి. గ్రూపు పెట్టినవాళ్లు "పాఠం గురించి విడిగా ఎవరికీ మెసేజ్ చేయకూడదు" అని మొదటిరోజే రాసి పెట్టాలి, తప్పినవాళ్లను మొహమాటం లేకుండా తీసేయాలి.

బయటివాళ్లను అడగడం

మీ ఆరుగురికీ తెలియనిది వస్తే బయటికి వెళ్లండి. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో కోర్సుకు ఒక చర్చావేదిక ఉంటుంది. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. అక్కడ ప్రొఫెసర్లో, వాళ్ల సహాయకులో జవాబిస్తారు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం'లోని కోర్సుల ద్వారా సెమిస్టర్‌లో 40 శాతం వరకు కోర్సుల క్రెడిట్లు తెచ్చుకోవచ్చని 2021 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. మీ యూనివర్సిటీ దాన్ని ఎలా అమలు చేస్తోందో కనుక్కున్నాకే చేరండి. ఇంగ్లిష్‌లో అడగాలంటే భయమా? ప్రశ్నను ముందు తెలుగులో పైన చెప్పినట్టు రాసుకుని, తర్వాత చిన్న చిన్న వాక్యాల్లో ఇంగ్లిష్‌లో పెట్టండి. గ్రామర్ తప్పుల్ని ఎవరూ పట్టించుకోరు, ప్రశ్న స్పష్టంగా ఉందా అన్నదే చూస్తారు.

చాట్‌జీపీటీ లాంటి వాటినీ ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. అడగండి, కానీ చివర్లో. మీ నోటుబుక్కులో మీ వాక్యాలు ఉన్నాక, మీ ఆరుగురి చర్చ అయ్యాక. అప్పుడు కూడా జవాబు అడగకుండా "ఈ కేసు మీద నన్ను ఐదు ప్రశ్నలు అడుగు, నా జవాబులో లోపం చెప్పు" అనండి. అది చెప్పిన కేసు పేర్లు, సంవత్సరాలు, పేరా నంబర్లు ప్రతి ఒక్కటీ మూలంలో చూసుకోండి. లేని కేసులను ఉన్నట్టు చెప్పడం వాటికి అలవాటు. ఒక విద్యార్థి సెమినార్ పేపర్‌లో అలాంటి కేసు ఒకటి వచ్చింది, ఎంత వెతికినా అది ఏ కోర్టులోనూ లేదు. మంచి పిల్లవాడు, నలుగురిలో తల దించుకోవాల్సి వచ్చింది. ఆ రోజు నాకూ చాలా బాధ కలిగింది.

మళ్లీ కాగితం మీదకి

చర్చ అంతా అయ్యాక, రెండు రోజుల తర్వాత, ఫోన్ వేరే గదిలో పెట్టి ఒక తెల్లకాగితం తీసుకోండి. "సమత తీర్పు ప్రాముఖ్యత" అని పైన రాసి ఇరవై నిమిషాలు రాయండి. పరీక్షలో మీ చేతిలో ఉండేది పెన్నే. రాసింది ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, ఇద్దరు చదివి చెప్పాలి: ఎక్కడ తప్పు, ఎక్కడ ఆధారం లేదు, ఏది మరచిపోయారు. మా ఆరుగురిలో ఐదుగురు భిన్నాభిప్రాయ తీర్పు గురించి అడగకుండానే రాశారు. గైడు చదివి రాసేవాళ్ల జవాబుల్లో అది ఉండదు.

డాక్‌ను తీసేయకండి. సంవత్సరం పేరు పెట్టి లెక్చరర్‌కు అప్పగించండి, వచ్చే ఏడాది పిల్లలకు మళ్లీ తెరుస్తారు. పాత కామెంట్లు అలాగే ఉంటాయి, కొత్తవాళ్లు వాటి కిందే రాస్తారు. మా డాక్ అలాగే నడుస్తోంది. మొన్న రెండో సంవత్సరంలోకి వచ్చిన ఒక అమ్మాయి పాత సీనియర్ల చర్చ మొత్తం చదివి, తీర్పు చివరి పేజీల్లో ఒక వాక్యం దగ్గర కొత్తగా రాసింది: "గని లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం అభివృద్ధికి పక్కన పెట్టాలన్నారు కదా సార్. మా మండలంలో ఆ డబ్బు ఎవరి ఖాతాలో ఉంది? ఎవరిని అడగాలి?" దాని కింద ఇప్పటికి ఏడు జవాబులు వచ్చాయి. ఏడోది, డిగ్రీ అయిపోయి వెళ్లిన ఆ హాస్టల్ అబ్బాయి పంపిన ఆర్‌టీఐ దరఖాస్తు నమూనా.